ముందుగా కొట్టిన గండి

శత్రువు దాడి చేయబోతున్నాడు కనుక తామే ముందుగా దాడి చేశామని ఒక ప్రభుత్వం ప్రకటించిన ఉదయాన, మా ఊరి మురుగు కాలువ గట్టు అంచుకు జానెడు కిందుగా పారుతోంది. ఇది రెండేళ్ళ కిందటి మాట. సార్వా నాట్లు పూర్తయి నెల కాలేదు. వాన వదలడం లేదు. నేను టీవీ ముందు కూర్చుని ఆ ప్రకటన ఆసాంతం విన్నాను. ఆ ప్రభుత్వ ప్రతినిధి తల చక్కగా దువ్వుకుని, తొందర లేని గొంతుతో మాట్లాడాడు. శత్రువు ఏమి చేశాడో ఒక్క ముక్క చెప్పలేదు. ఏమి చేయబోయాడో మాత్రం కళ్ళకు కట్టినట్టు చెప్పాడు. అతని మాటల పక్కనే, తెర మీద సగభాగంలో, ఎక్కడో ఒక నగరం మీద పొగ లేస్తోంది.

నేను హైస్కూలులో సాంఘికశాస్త్రం బోధించి, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. క్రమశిక్షణ విషయంలో కఠినుడినని పేరుండేది. ఆ పేరుకు నేనెప్పుడూ చింతించలేదు. కొట్టుకున్న పిల్లల్ని నా గదికి తీసుకొచ్చినప్పుడు ముందు చెయ్యెత్తినవారెవరని అడిగేవాణ్ణి. "వాడు కొట్టబోయాడండి, అందుకని నేను కొట్టానండి" అనే జవాబుకు నా దగ్గర మన్నింపు లేదు. కొట్టిన దెబ్బ చెంప మీద కనిపిస్తుంది. కొట్టబోయిన దెబ్బ కొట్టినవాడి నోట్లో తప్ప మరెక్కడా ఉండదు. పదేళ్ళ పిల్లవాడికి వర్తించే ఈ న్యాయం సైన్యాలూ విమానాలూ ఉన్న ప్రభుత్వానికి ఎందుకు వర్తించదో నాకు బోధపడలేదు. బలవంతుడి అనుమానమే నేరానికి రుజువైతే, ఇక భూమి మీద నిర్దోషి అంటూ మిగలడు.

ఇలా అనుకుంటూ ఉండగానే పంచాయతీ ఆఫీసు దగ్గరకు రమ్మని ప్రెసిడెంటు గారి నుంచి కబురొచ్చింది.

మా ఊరికీ, మా చెల్లెల్ని ఇచ్చిన ఊరికీ ఆ కాలువే హద్దు. రెండూ పల్లపు ఊళ్ళు. పై ఊళ్ళ నీరంతా ఆ కాలువలో పడి సముద్రానికి పోవాలి. సముద్రం పోటు మీద ఉంటే నీరు వెనక్కి తంతుంది. అప్పుడు ఏదో ఒక గట్టు తెగక తప్పదు. ఒక గట్టు తెగితే రెండో గట్టు వెనక ఊరు బతుకుతుంది. అందువల్ల వరద రోజుల్లో ఇరువైపులవారూ తమ తమ గట్ల మీద కాపలా ఉండడం తాతల నాటి ఆచారం. కాపలా అంటే ఎలుక బొరియలు వెతికి మట్టి కూరడం, జారినచోట ఇసుక బస్తాలు వేయడం, నీటి మీదుగా అవతలివారితో వేళాకోళాలాడడం.

"ఏం బావా, మీ గట్టు జారుతున్నట్టుందే!"

"గట్టు సంగతి మేం చూసుకుంటాంలే, ముందు నీ పంచె జారకుండా చూసుకో!"

అవతలి గట్టుకు గండి కొడతామన్న బెదిరింపులు నా చిన్నతనం నుంచీ విన్నాను. కొట్టినవారిని మాత్రం ఎరగను. ఇచ్చిపుచ్చుకున్న ఊళ్ళు. అవతలి గట్టు తెగితే మునిగేది మన ఆడపడుచు ఇల్లే. ఏ చట్టమూ చేయలేని కాపలా ఆ ఒక్క జంకు చేసింది.

పంచాయతీ ఆఫీసు వరండాలో అప్పటికే ఊరి పెద్దలంతా ఉన్నారు. ఎరువుల కొట్టు యజమాని చేతిలోని ఫోను ఒకరి నుంచి ఒకరికి మారుతోంది. అందులో ఒక ఫోటో. అవతలి గట్టు మీద, పాత వంతెనకు దగ్గరగా, పసుపు రంగు పొక్లెయిను నిలబడి ఉంది. చుట్టూ పదిమంది మనుషులు, చేతుల్లో పారలు.

"చూడండి మాస్టారూ, కళ్ళజోడు పెట్టుకుని మరీ చూడండి," అన్నాడు కొట్టు యజమాని. "గట్టు మీదకి పొక్లెయిను తెచ్చారు, వంతెన దాటిస్తే మన గట్టే. ముగ్గులు పెట్టుకోడానికి తెచ్చారంటారా?"

"పొక్లెయిను కనబడుతోంది. చేసే పని కనబడలేదు కదండీ."

"పని కనబడేసరికి మన నాట్లు కనబడవండి!"

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో సగం నిర్ణయం అయిపోయింది.

నేను నిలబడే మాట్లాడాను. వారి ప్రెసిడెంటుకు ఫోను చేసి అడుగుదామన్నాను. ఇటునుంచి ఇద్దరు పెద్దలు వంతెన దాటి వెళ్ళి చూసి రావచ్చన్నాను. మండల కార్యాలయానికి తెలియజేద్దామన్నాను. ప్రెసిడెంటు గారు మర్యాదస్తుడు, నా దగ్గర చదువుకున్నవాడు. తల వంచుకుని విన్నాడు. ఆపైన ఇలా అన్నాడు:

"అడిగితే చెప్తాడేంటండి? 'ఆఁ, కొడుతున్నాం బావా, అరగంటాగి రండి' అంటాడా? సాయంత్రం పోటు ఎక్కుద్ది మాస్టారు గారూ. అప్పుడు మీరన్న మండలం వాళ్ళెవరూ రారు. రేపు ఊళ్ళో ఆడాళ్ళు నా గుమ్మం ముందుకొచ్చి, తెలిసీ ఎందుకు ఊరుకున్నావని అడిగితే నేనేం చెప్పాలండి?"

"తెలియలేదని చెప్పవయ్యా. నిజంగా మనకేమీ తెలియదు."

"టీవీ చూడట్లేదేంటండి మీరు?" అని కొట్టు యజమాని అందుకున్నాడు. "అంతంత దేశాలే ముందు కొట్టి, ఆనక మాట్లాడుకుంటున్నాయి. మనమెంతండి? అయినా మీ చెల్లెలు గారు అవతలున్నారు కాబట్టి మీకలా అనిపిస్తుంది లెండి."

"మా చెల్లెలు ఇవతల ఉన్నా ఇదే మాట అంటాను."

"అంటారండి. ఇవతలుంటే కొంచెం చిన్నగా అంటారు."

మళ్ళీ నవ్వు. వారు దుర్మార్గులు కారు. ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగితే, అవతలి ఊరిని ముంచమని ఒక్కరూ అనరు. కానీ భయం పదిమంది మధ్యకు చేరగానే లెక్క మారిపోతుంది. ఆగమన్నవాడు పిరికివాడవుతాడు, కొట్టమన్నవాడు బాధ్యత తెలిసినవాడవుతాడు. ఆ ఉదయం దూరదేశపు మంత్రివర్గంలో కూడా ఇంతకు మించిన జ్ఞానమేదీ పనిచేసి ఉండదని నాకు ఆ వరండాలోనే స్పష్టమైంది. అక్కడ ఆకాశం నుంచి తీసిన ఫోటోలు ఉంటాయి, ఇక్కడ ఫోనులో తీసిన ఫోటో ఉంది. రెండింటిలోనూ వస్తువు కనబడుతుంది. ఉద్దేశం కనబడదు. దాన్ని చూసేవాడే తన భయంలోంచి తెచ్చి అక్కడ పెడతాడు.

వాళ్ళు కొట్టకముందే అవతలి గట్టుకు మనం గండి కొట్టాలని నిర్ణయమైపోయింది. నేను ఫోను తీసి, అందరికీ వినబడేటట్టు చెప్పాను: "నా చెల్లెలి ఇల్లు ఆ గట్టు కిందే ఉంది. మా బావగారు పక్షవాతంతో మంచం మీద ఉన్నారు. నేను వారిని హెచ్చరిస్తున్నాను. ఇది చాటుగా చేయను, మీ ముందే చేస్తున్నాను."

"ఒక్క గంట ఆగి చెయ్యండి మాస్టారు గారూ," అన్నాడు ప్రెసిడెంటు, బతిమాలుతున్నట్టుగా.

ఆగలేదు.

"అన్నయ్యా, అన్నం తిన్నావా?" అని మొదలుపెట్టింది చెల్లెలు. మా అమ్మ పోయాక ఆ ప్రశ్న అడిగే మనిషి ఆమె ఒక్కతే. విషయం చెప్పాను.

"మీ వాళ్ళా?" అంది. "మన వాళ్ళా, అన్నయ్యా?"

"బావగారిని చర్చికి చేర్చమ్మా. చర్చి అరుగు ఎత్తుగా ఉంటుంది. ఇప్పుడే."

నలుగురు మనుషులు నవారు మంచంతో సహా ఆయన్ని మోసుకుంటూ, వానలో చర్చి వైపు వెళ్ళారట. మిగిలిన మగవాళ్ళు పారలతో గట్టు మీదకు పరుగెత్తారు. వారు వచ్చేసరికి మా వాళ్ళు వంతెన దిగువన, పొక్లెయిను దగ్గరివారి కంటబడనంత దూరంలో, అవతలి గట్టు సన్నగా ఉన్నచోట, పని ముగించి పడవ ఎక్కేశారు. గండి వెడల్పు మొదట ఒక పార మేర. నీరు మిగిలిన పని తానే చేసుకుంది. నేను ఇవతలి గట్టు మీద నిలబడి చూశాను. చూస్తూ ఉండగానే మట్టి పెళ్ళలు పెళ్ళలుగా విరిగి, ఎర్రటి నీరు పచ్చని నాట్ల మీదకు దూకింది.

అటునుంచి పరుగెత్తుకొస్తున్న మనుషుల్ని చూపిస్తూ ఎరువుల కొట్టు యజమాని, "చూశారా! ఎంతమంది సిద్ధంగా ఉన్నారో!" అన్నాడు. తన ఊరు మునుగుతుంటే పరుగెత్తుకొచ్చినవాడు కూడా అతని కళ్ళకు సాక్ష్యంగానే కనబడ్డాడు. దెబ్బ తిన్నవాడు చెయ్యి అడ్డం పెట్టుకుంటే, అదిగో చెయ్యెత్తాడని చూపించే వాదం అది.

మా చేలు మిగిలాయి. ఇది దాచకుండా చెప్పాలి. గండి కొట్టకపోతే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. కొట్టాక మా నాట్లు నిలిచాయన్నది మాత్రం అందరికీ తెలుసు. ఆ ఏడు మా ఊళ్ళో పంట బాగా పండింది. పంట పండిన ఊళ్ళో విమర్శకు చోటు దొరకదు.

చెల్లెలి ఇంటి పడమటి గోడ కూలింది. చర్చి అరుగు మీద తడి చాపల మధ్య పడుకున్న బావగారికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. రాజమండ్రి ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. నెల తిరగకుండానే పోయారు. ఆయన బడిపంతులు, నోట మాట పడిపోకముందు ఆదివారం పాఠశాలలో పిల్లలకు కీర్తనలు వల్లె వేయించేవారు. సమాధుల దొడ్డిలో నాకు కుర్చీ వేశారు. నీళ్ళిచ్చారు. ఆ ఊరివారి మర్యాద నన్ను తిట్లకంటే ఎక్కువ గాయపరిచింది.

మట్టి వేశాక మేనల్లుడు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. పెళ్ళయినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, అదే ఊళ్ళో కాస్త మెరక వీధిలో వేరు కాపురం. నెమ్మదైనవాడు.

"మావయ్యా, ఆ పొక్లెయిను దేనికి తెచ్చామో మీవాళ్ళెవరన్నా అడిగారా?"

"నేను అడుగుదామన్నాను. వినలేదు."

"వంతెన కింద గుర్రపు డెక్క పట్టేసింది. నీళ్ళు లాగట్లేదు. అది తీయిద్దామని తెచ్చాం. తీస్తే మీకూ లాగేసేది, మాకూ లాగేసేది. డీజిలు కూడా మేమే పోయించాం."

కాలువల్లో నీటి మీద చాపలా అల్లుకుని పెరిగే ఆ కలుపు మొక్కను ఎరగనివాడు మా పల్లపు సీమలో ఉండడు. వరద వస్తే ముందుగా చేయవలసిన పని వంతెన ఖానాల దగ్గర పేరుకున్న డెక్కను లాగివేయడం. మా వరండాలో కూర్చున్న పెద్దలందరికీ అది తెలుసు. ఆ ఫోటో చూసినప్పుడు ఒక్కరికైనా స్ఫురించి ఉండవలసింది. టీవీలో పొద్దుటి నుంచి చూస్తున్నది దాడి. ఫోటోలోనూ వారికి దాడే కనబడింది.

ఈ సంగతి మా ప్రెసిడెంటుకు స్వయంగా చెప్పాను. అతని ముఖం ఒక్క క్షణం మాడిపోయింది. ఆ క్షణంలో అతన్ని నేను మళ్ళీ నా విద్యార్థిగా గుర్తుపట్టాను. అంతలోనే సర్దుకున్నాడు.

"ఆ రోజు డెక్క తీద్దామనే తెచ్చి ఉంటారండి. మర్నాటికి నీళ్ళింకా పెరిగితే? పొక్లెయిను అక్కడే ఉందాయె. ఎవరు చూడొచ్చారండి?"

ఎవరు చూడొచ్చారు! ముందస్తు యుద్ధం చేసినవారికి ఇదే శాశ్వతమైన ఆశ్రయం. వెతికిన ఆయుధాలు దొరికితే మా మాట నిజమైందంటారు. దొరకకపోతే మా దాడి వల్లనే అవి లేకుండా పోయాయంటారు. ఆ దూరదేశంలోనూ ఇంచుమించు ఇలాంటి సంజాయిషీలే విన్నాం. మొదట చెప్పిన కారణం కొన్నాళ్ళకు వేరొకటయింది. ఆ వేరొకటి కూడా మారింది. యుద్ధం మాత్రం మారకుండా సాగుతూనే ఉంది. తప్పని తేలే అవకాశమే లేని మాట మీద మనుషుల ప్రాణాలు పణంగా పెట్టే అధికారం ఏ ప్రభుత్వానికీ ఏ ప్రజలూ ఇవ్వలేదు. ఇచ్చారని వారు చెబితే, ఆ ప్రజలు ఆ పూట భయపడి ఉన్నారని మాత్రమే అర్థం.

ఈ విమర్శ రాసి ఒక పత్రికకు పంపాను, వేశారు. మా ఊళ్ళో ఇద్దరు ముగ్గురు చదివి, బాగా రాశారండి అన్నారు. దూరదేశపు ప్రభుత్వాన్ని తిట్టినంతవరకు అందరికీ సమ్మతమే.

ఇంతకంటే ఘోరమైనది ఆ తరువాత జరిగింది. ఆ ఫోటో తీసిన రోజున అవతలివారికి గండి కొట్టే ఉద్దేశం లేదు. ఇప్పుడు ఉంది. మా అబద్ధపు భయం కన్న బిడ్డ అది. మేము అనుమానించినది ఆనాడు నిజం కాదు. అనుమానించి కొట్టాం కనుక నిజమైంది. ఇక ఇప్పుడు మా వాళ్ళు, "నేనప్పుడే చెప్పలేదా, వాళ్ళ బుద్ధే అంత!" అంటున్నారు. ఆ మాట కాదనడానికి నా దగ్గర ఆధారం లేకుండా పోయింది.

ఈ వేసవిలో వంతెన కింద డెక్క మళ్ళీ దట్టంగా అల్లుకుంది. దాన్ని ఉభయులూ కలిసి తీయించుకోవాలని ఇటు ప్రెసిడెంటునూ అటు మేనల్లుణ్ణీ విడివిడిగా అడిగాను. కాదని ఎవరూ అనలేదు. కానీ డెక్క తీయాలంటే పొక్లెయిను గట్టు మీదకు రావాలి. ఏ గట్టు మీదకు పొక్లెయిను వచ్చినా రెండో గట్టు మీదకు మనుషులు గునపాలతో వస్తారు. డ్రైవర్లు ఈ కాలువ పేరు చెబితేనే బేరం మానుకుంటున్నారు. డెక్క అక్కడే ఉంది. వానలు వచ్చేశాయి.

నిన్న ఉదయం చెల్లెలు ఫోను చేసింది. రెండేళ్ళలో తనంతట తాను చేయడం అరుదు.

"అన్నయ్యా, వాడు చెప్పొద్దన్నాడు. చెప్పకుండా ఉండలేను. అమావాస్య పోటుకి నీళ్ళెక్కితే మావాళ్ళు ఆగరు. మీ గట్టు ఎక్కడ సన్నంగా ఉందో కూడా చూసొచ్చారు."

"వాణ్ణి ఫోనులోకి పిలువమ్మా."

"రాడు. నీ ముందు మాట్లాడలేడు వాడు."

"నువ్వేమని చెప్పావు?"

"ఏం చెప్పమంటావు? నాన్నని మోసుకెళ్ళిన నలుగుర్లో వాడొకడు. 'మావయ్య ఊరోళ్ళు మళ్ళీ కొడతారు కదమ్మా' అంటాడు. కొట్టరని నేను చెప్పగలనా? పోనీ, నువ్వు చెప్పగలవా అన్నయ్యా?"

ముప్పై ఏళ్ళు పిల్లల్ని ప్రశ్నలడిగినవాణ్ణి. ఆమెకు మాత్రం, జాగ్రత్తగా ఉండమ్మా అని చెప్పి ఫోను పెట్టేశాను.

ఆమె చెప్పినది ప్రెసిడెంటుకు చెబితే, మా వాళ్ళు గంటలో అవతలి గట్టు మీద ఉంటారు. చెప్పకపోతే, నా వీధిలోని పసిపిల్లలు నిద్రలో ఉండగా నీళ్ళు గడప దాటవచ్చు. ఎవరిని హెచ్చరించినా రెండోవారిని ముంచినవాణ్ణవుతాను. పోలీసులకు తెలియజేశాను, చూస్తామన్నారు. ఇంతవరకు ఎవరూ రాలేదు. ఇంట్లో బియ్యం, పుస్తకాలు అన్నీ నేల మీదే ఉన్నాయి. ఒక్కటీ మేడ మీదకు చేర్చలేదు. మాస్టారు సామాను ఎత్తిస్తున్నాడంటే అదే కబురవుతుంది.

ఈ ఉదయం ఎదురింటి కోడలు గొడుగు వేసుకుని గేటు దగ్గరకొచ్చింది. ఆమె అత్తగారు లేవలేని మనిషి, కింది గదిలోనే ఉంటుంది.

"మాస్టారు గారండీ, మా అత్తయ్యగారిని మేడ మీదకి చేర్చమంటారా? మోసేవాళ్ళు ఇప్పుడైతే ఉన్నారండి, మళ్ళీ దొరకరు."

ఆమె కళ్ళలోకి చూడకుండా ఉండవలసింది. "చేర్చమ్మా," అన్నాను. "వానాకాలం కదా, పైనుంటేనే మంచిది."

ఎంత మామూలుగా అనాలో అంత మామూలుగానే అన్నాను. ముసలమ్మను కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మనుషులు మెట్లెక్కిస్తున్నప్పుడు ఎరువుల కొట్టు యజమాని మోటారుసైకిలు మీద అటుగా వచ్చి, ఆపాడు. కుర్చీ వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"ఏంటి మాస్టారూ, చెల్లెలు గారు ఏమన్నా చెప్పారా?"

"వానాకాలమని చెప్పానయ్యా. అంతే."

"అంతేనండి, అంతే," అంటూ బండి వెనక్కి తిప్పాడు. పంచాయతీ ఆఫీసు ఆ దిక్కుననే ఉంది.

కాసేపటికి వీధిలో మగవాళ్ళ అడుగుల చప్పుడు. భుజాల మీద పారలు, గునపాలు. బయటికి వెళ్ళి వారి ముందు నిలబడ్డాను. ఆగండి, మనకేమీ తెలియదు అన్నాను. నాకు తెలుసునన్నది నా ముఖంలోనే వారికి కనబడి ఉంటుంది. ప్రెసిడెంటు నా చెయ్యి పట్టుకుని, ఎంతో గౌరవంగా, నన్ను పక్కకు జరిపాడు.

లోపలికి వచ్చి చెల్లెలికి ఫోను చేశాను. అది మోగుతున్నంతసేపూ నా మనసులో ఒక లెక్క నడిచింది. ఈసారి మోయవలసిన మంచం లేదు. ఒక్కతే మనిషి. ఇప్పుడే బయలుదేరితే నీళ్ళకంటే ముందే చర్చి అరుగు చేరుకోగలదు. బావగారు లేకపోవడమే నయమైందనిపించింది. ఆ ఊరట గుండెల్లో ఇంకా ఉండగానే ఆమె ఫోనెత్తి, "అన్నయ్యా, అన్నం తిన్నావా?" అంది.